వంటింటి గట్టు మీద ఏం ఉంచాలి, ఏం లోపల పెట్టాలి: హైదరాబాద్ ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

గట్టు సర్దుదామనుకున్న వాళ్లలో చాలామంది వస్తువుల దగ్గరే మొదలుపెడతారు. మిక్సీ ఉంచాలా, ఓవెన్ తీసేయాలా, రైస్ కుక్కర్ ఎటు జరపాలి అని. అలా మొదలుపెడితే ప్రతి వస్తువుకీ బయట ఉండటానికి ఏదో ఒక కారణం దొరుకుతుంది. నెల తిరక్కుండా గట్టు మళ్లీ నిండిపోతుంది. ఇక్కడ చెప్పే పద్ధతి దానికి తిరగేసింది. ముందు గట్టు మీద ఎక్కడ ఖాళీ ఉండి తీరాలో తేల్చండి. అది పోగా మిగిలిన చోటులో ఏవి పడతాయో తర్వాత చూద్దాం.

ఫోన్‌లో కనిపించే వీడియోల్లో గట్టు మీద ఒక చిన్న మొక్క, ఒక చెక్క బోర్డు తప్ప ఇంకేమీ ఉండవు. పొద్దున చట్నీ, మధ్యాహ్నం పప్పు, రాత్రి చపాతీ చేసుకునే ఇంటికి ఆ లెక్క పనికిరాదు. పోపుల డబ్బా కోసం పూటకు రెండుసార్లు వంగి అర తెరవాల్సి వస్తే ఆ అందం వల్ల లాభమేమీ లేదు. మన వంటకు పది దాకా వస్తువులు బయట ఉండటం తప్పేం కాదు. అవి ఏ పది అన్నదే అసలు ప్రశ్న.

మొదటి అడుగు: టేపు పట్టుకొని కొలవండి

ఇక్కడి రెండు పడకగదుల ఫ్లాట్లలో గట్టు ఎక్కువగా ఎల్ ఆకారంలో ఉంటుంది. లోతు సుమారు రెండు అడుగులు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మూల 2 అడుగులు, అక్కడి నుంచి సింక్ వైపు 5 అడుగులు, స్టవ్ వైపు 6 అడుగులు. మొత్తం 13 అడుగులు. వినడానికి బోలెడంత చోటు.

ఇప్పుడు తీసేసుకుంటూ రండి. మూడు బర్నర్ల స్టవ్‌కి రెండున్నర అడుగులు, సింక్‌కి రెండు. స్టవ్ మీద నుంచి దించిన గిన్నె పెట్టడానికి ఒక అడుగు. కడిగిన గిన్నె, కడిగిన ఆకుకూర పెట్టడానికి సింక్ పక్కన ఇంకో అడుగు. తరగడానికి, చపాతీ ఒత్తడానికి రెండున్నర అడుగులు. అన్నీ కలిపితే 9. మూలలో వెనక భాగం చేతికి అందదు కాబట్టి ఆ 2 అడుగులు సగం చోటే. చివరికి వస్తువులకు నికరంగా మిగిలేది 2 అడుగులు, ఒక మూల. పదమూడు అడుగుల గట్టున్న ఇంట్లో కూడా "చోటు చాలడం లేదు" అనిపించేది ఇందుకే.

మీ ఇంటి కొలతలు వేరుగా ఉంటాయి. కానీ ఈ తీసివేత కాగితం మీద వేసి చూడండి. పాత ఇళ్లలో గట్టు ఆరేడు అడుగులకు మించకపోతే మిగిలేది సున్నా అని తేలుతుంది. అది కూడా తెలియాల్సిన విషయమే. అప్పుడు గోడకు అర కొట్టించాలి, లేదంటే పక్కన టేబుల్ వేసుకోవాలి. ఎంత సర్దినా గట్టు పెరగదు.

రెండో అడుగు: మూడు ఖాళీలకు గీత గీయండి

మొదటిది తరిగే చోటు. ఇది సింక్‌కీ స్టవ్‌కీ మధ్యలో ఉండాలి. కడగడం, తరగడం, బాణలిలో వేయడం ఆ వరుసలోనే జరుగుతాయి కాబట్టి చేయి అటూ ఇటూ దాటాల్సిన పని ఉండదు. చోటు సరిపోతుందో లేదో చూడటం తేలిక. కూరగాయల బోర్డు, తరిగిన ముక్కలు వేసే గిన్నె, చపాతీ పీట మూడూ పక్కపక్కనే పెట్టి చూడండి. ఏదీ జరపకుండా పడితే చాలు. లోతులో ముందు వైపు ఒకటిన్నర అడుగులు ఖాళీగా వదిలితే, గోడ వైపు ఆరంగుళాల పట్టీ మిగులుతుంది. ఉప్పు జాడీ లాంటి చిన్నవాటికి అది బాగా పనికొస్తుంది.

రెండోది వేడి గిన్నె దించే చోటు. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. కుక్కర్ దించాలంటే ఒక చేత్తో నూనె డబ్బా పక్కకి జరిపి, ఇంకో చేత్తో పట్టకారు పట్టుకోవాల్సి వచ్చిందంటే ఆ ఇంట్లో ఈ ఖాళీ లేనట్టే. ఇక్కడ గట్టు రాయి ఏమిటో కూడా చూసుకోవాలి. నల్ల గ్రానైట్ వేడిని బాగానే ఓర్చుకుంటుంది. ఈ మధ్య కొత్త ఫ్లాట్లలో వేస్తున్న క్వార్ట్జ్‌లో రెసిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) కలుస్తుంది, కాలిన పెనం నేరుగా పెడితే మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. అలాంటి గట్టయితే స్టవ్ పక్కన ఒక స్టాండో, మందపాటి చెక్కో ఎప్పుడూ ఉండాల్సిందే. అది బయట ఉండే వస్తువుల లెక్కలోకి వస్తుంది. పాత ఇళ్లలో కడప బండ, తాండూరు బండ గట్లు ఇంకా ఉన్నాయి. అవి సున్నపురాయి జాతివి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి కాసేపు ఉంటే రాయి మెరుపు పోయి తెల్లటి మరక మిగులుతుంది. ఆ గట్ల మీద పచ్చడి జాడీ అడుగున గుండ్రటి గుర్తు పడేది అందుకే.

మూడోది సింక్ పక్కన తడి చోటు. దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అక్కడ కరెంటు వస్తువు ఉండకూడదు, అంతే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇక్కడ పెట్టిన ప్రతిదాని అడుగునా తెల్లటి పొర కడుతుంది. గ్రానైట్ మీదైతే కాస్త వెనిగర్‌తో తుడిస్తే పోతుంది. కడప బండ మీద మాత్రం వెనిగర్ వాడకండి.

ఈ మూడు చోట్ల అంచుల్లో సన్నటి రంగు టేపు అంటించి రెండు వారాలు ఉంచండి. నోటితో చెబితే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. టేపు కనబడితే మాత్రం చేయి ఆగుతుంది.

మూడో అడుగు: ఒక వారం అన్నీ డబ్బాలో

స్టవ్, వాటర్ ఫిల్టర్ తప్ప గట్టు మీదున్నవన్నీ తీసి అట్టపెట్టెల్లో పెట్టండి. డైనింగ్ టేబుల్ మీదైనా పర్లేదు. అవసరమైనప్పుడు ఒక్కొక్కటీ తీసి వాడుకోండి, వాడినదాన్ని గట్టు మీదే వదిలేయండి. ఆదివారం వంట కూడా తప్పనిసరిగా ఈ లెక్కలోకి రావాలి. మామూలు రోజుల్లో బయటికి రాని సగం సరుకు ఆదివారం పూరీలకో బిర్యానీకో వస్తుంది.

వారం చివర గట్టు మీద చేరినవి చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి. రోజుకు రెండు మూడుసార్లు చేయి పడ్డవి కొన్ని. రోజుకోసారి వాడినవి కొన్ని. ఆదివారం ఒక్కసారే వచ్చినవి కొన్ని. పెట్టెలోనే ఉండిపోయినవాటి గురించి ఆలోచించే పనే లేదు, అవి గట్టెక్కవు.

అయితే "రోజూ వాడతాను" అన్నదొక్కటే సరిపోదు. పిల్లల టిఫిన్ డబ్బాలు రోజూ వాడతాం, అంతమాత్రాన అవి గట్టు మీద ఉండక్కర్లేదు. తేలికైనవి, పొడి చేత్తో ఒక్కసారి తీసేవి అర లోపల ఉన్నా ఇబ్బంది లేదు. తడి చేత్తోనో పిండి చేత్తోనో, పొయ్యి వెలుగుతుండగా తొందరలోనో అందుకోవాల్సినవే గట్టుకు నిజమైన హక్కుదారులు. ఆవాలు చిటపటలాడుతుంటే కరివేపాకు డబ్బా కోసం అర తెరవం కదా.

దీనికి మినహాయింపు బరువు. వారానికోసారి వాడినా పది కిలోలుండే వస్తువును కింది అరలోంచి ఎత్తి పైన పెట్టడం నడుముకు మంచిది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు వంట చేస్తుంటే ఈ మినహాయింపే మొదటి నియమం అవుతుంది.

ఇంకో రెండు ప్రశ్నలు ప్రతి వస్తువుకీ వేయండి. వేడి, ఆవిరి, వెలుతురు తగిలితే ఇది పాడవుతుందా? దీని వైరు ఎక్కడికి పోతుంది? ఈ రెండింటి దగ్గరే చాలా వస్తువులు ఓడిపోతాయి.

నాలుగో అడుగు: ఒక్కో వస్తువూ తేల్చడం

మిక్సీ బయటే ఉండాలి. చట్నీ, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, మసాలా అన్నీ దాని మీదే నడిచే ఇంట్లో దాన్ని అరలో దాచమనడం చాదస్తం. కానీ మిక్సీతో పాటు నాలుగు జార్లూ బయట ఉండక్కర్లేదు. చట్నీ జారు ఒక్కటి చాలు, మిగతావి సరిగ్గా దాని కింది అరలో. గట్టుకీ పై అరలకీ మధ్య ఎత్తు మామూలుగా రెండు అడుగులే ఉంటుంది. పెద్ద జారు పెట్టి మూత తీసేటప్పుడు చేయి అర అంచుకు కొట్టుకోకుండా ఉందా చూసుకోండి. వెనక్కి తోసి, వాడేటప్పుడు ముందుకి లాగేలా ఉంటే మంచిది. కింద మడిచిన బట్ట వేస్తే జరపడం తేలికే, కానీ తిప్పేటప్పుడు ఆ బట్ట తీసేయాలి. చాలా మిక్సీల మోటారుకు గాలి అడుగు నుంచే అందుతుంది.

గ్రైండర్ విషయంలో మొహమాటం పనికిరాదు. ప్రతి వారం ఇడ్లీ పిండి రుబ్బే ఇల్లయితే దానికి మూల ఇచ్చేయండి. యుటిలిటీలో (వంటింటిని ఆనుకుని గిన్నెలు తోమే చోటు) నడుము ఎత్తున ఒక బల్ల, దగ్గరలో ప్లగ్గు ఉంటే ఇంకా మేలు. చప్పుడు అక్కడే, కడగడం అక్కడే అయిపోతుంది. కాలనీ మూల మీద దుకాణంలో పిండి ప్యాకెట్ కొనడం అలవాటై ఏడాది దాటిపోయిన ఇళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు. ఆ ఇంట్లో గ్రైండర్ అమ్మ ఇచ్చిందనో, పెళ్లికి పెట్టారనో మూల పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని కింది అరలో పెట్టండి, లేదా వాడేవాళ్లకు ఇవ్వండి. సజ్జ మీదికి మాత్రం ఎక్కించకండి. అంత బరువును స్టూలు మీద నిలబడి దించాల్సి వస్తుంది.

నూనె దగ్గర చాలా ఇళ్లు ఒకేలా ఉంటాయి. స్టవ్ పక్కన ఐదు లీటర్ల క్యాన్, దాని మూతి చుట్టూ జిడ్డు, కింద పాత న్యూస్‌పేపర్. వేడి, వెలుతురు, గాలి మూడూ నూనెను మక్కు వాసన పట్టిస్తాయి, స్టవ్ పక్కన ఆ మూడూ పుష్కలంగా దొరుకుతాయి. పైగా మంట దగ్గర ప్లాస్టిక్ క్యాన్ ఉండటం ప్రమాదం కూడా. క్యాన్ కింది అరలోకి, అదీ స్టవ్‌కి దూరంగా ఉన్న అరలోకి పోవాలి. పైన అర లీటరు పట్టే మూత ఉన్న స్టీల్ డబ్బా ఒకటి చాలు, నాలుగైదు రోజులకోసారి నింపుకోవచ్చు. నింపే ముందు కడిగి బాగా ఆరబెట్టండి. అడుగున మిగిలిన పాత నూనె కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది. డబ్బా కింద చిన్న ప్లేటు పెడితే తుడిచేటప్పుడు గట్టు బదులు ప్లేటు కడిగితే సరిపోతుంది. ఇలాంటి డబ్బాలు బేగంబజార్ స్టీల్ దుకాణాల్లో ఎన్ని రకాలైనా దొరుకుతాయి. మూతి సన్నగా ఉండి, చేయి లోపలికి దూరనిది కొనకండి, కడగలేరు.

పోపుల డబ్బా బయటే, సందేహమే లేదు. స్టవ్‌కి ఒక మూర దూరంలో, ఆవిరి తగలని వైపు ఉంచాలి. మరుగుతున్న కూర మీద డబ్బా వంచి కారం చల్లే అలవాటుంటే మానుకోండి, ఆవిరికి లోపలిది గడ్డకడుతుంది. పసుపు, కారం వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతాయి. కాబట్టి గాజు సీసాల వరుస కిటికీ పక్కన ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు. వారానికి సరిపడా పోపుల డబ్బాలో, మిగతాది చీకటి అరలో.

ఉప్పు పింగాణీ జాడీలోనో గాజు సీసాలోనో బయట ఉండొచ్చు. స్టీల్ డబ్బాలో పోస్తే కొన్నాళ్లకు అడుగున చుక్కలు చుక్కలుగా తుప్పు తింటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తేమకు ఉప్పు నీరు కారుతుంది కాబట్టి ఆ నాలుగు నెలలు చిన్న జాడీ వాడుకోవడం నయం.

చాయ్ సామాను ఒకే పళ్లెంలో సర్దండి. చాయ్‌పత్తి, చక్కెర, యాలకులు, వడగట్టే జాలి. రోజుకు నాలుగుసార్లు చాయ్ పెట్టే ఇంట్లో ఇది లోపలికి పోదు, పోనక్కర్లేదు కూడా. చక్కెర మాత్రం పావుకిలోకు మించి బయట పెట్టకండి. చీమలు పడితే పోయేది పావుకిలోనే.

గంటెలు ఎన్ని ఉన్నా రోజూ చేతిలోకి వచ్చేవి నాలుగైదే. పప్పు గంటె, అన్నం గంటె, అట్లకాడ, జాలి గంటె. అవి ఒక బరువైన గ్లాసులో నిలబెట్టండి, మిగతావి సొరుగులోకి. ఆ గ్లాసు స్టవ్ పక్కన ఉండాలి, వెనక ఉండకూడదు. గంటెలనే కాదు, స్టవ్ వెనక గోడ వైపు ఏ వస్తువూ ఉండకూడదు. వెలిగే మంట మీదుగా చేయి చాచి అందుకునేటప్పుడు చున్నీ, చీర కొంగు, వదులు చేతులు అంటుకుంటాయి. స్టవ్‌కి సరిగ్గా పైనున్న అరలో చాయ్‌పత్తి పెట్టడం కూడా ఇలాంటిదే. ఇంట్లో మిగతా సర్దుబాట్లన్నీ వాయిదా వేసినా ఇది ఇవాళే చేయండి.

చాకు, బోర్డు తరిగే చోటు దగ్గర గోడకు వేలాడితే మంచిది. చిన్నపిల్లలుంటే చాకు సొరుగులోకి.

ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు గట్టు మీద బుట్టలో కలిపి పోసే అలవాటు ఎక్కడ మొదలైందో కానీ, రెండింటికీ అది నష్టమే. కలిసి ఉంటే ఆలుగడ్డ త్వరగా మొలకెత్తుతుందంటారు. వెలుతురులో పచ్చబడుతుంది, పచ్చబడ్డ భాగం తినకూడదు. ఉల్లిగడ్డకు గాలి కావాలి, ఆలుగడ్డకు చీకటి కావాలి. ఎర్రగడ్డ రైతు బజార్ నుంచో మెహిదీపట్నం నుంచో వారానికి సరిపడా తెచ్చేవాళ్లు యుటిలిటీలో రెండు వేర్వేరు బుట్టలు పెట్టుకోండి. గట్టు మీదికి ఆ పూటకు కావలసినవే రావాలి. అరటిపండ్లు, జామకాయలు డైనింగ్ టేబుల్ మీదికి. అక్కడుంటే తింటారు కూడా.

గిన్నెల బుట్ట. అసలు గొడవంతా దీనితోనే. మూల కాకుండా మిగిలిన రెండు అడుగుల్లో ఒకటిన్నర ఇదే మింగేస్తుంది. పైగా అది ఎప్పుడూ ఖాళీ అవదు. పొద్దున గిన్నెలు తోమే అక్క వచ్చి బోర్లించి వెళ్తుంది, మధ్యాహ్నానికి సగం అందులోంచే తీసి వాడతాం, సాయంత్రం మళ్లీ అందులోకే. అంటే బుట్ట పేరుతో ఒక అర గట్టు మీదే కూర్చున్నట్టు. గిన్నెలు తోమేది యుటిలిటీలో అయితే బుట్ట అక్కడే ఉండాలి. సింక్‌లో తోమే ఇంట్లో సింక్ పైన గోడకు బిగించే స్టీల్ స్టాండ్ పెట్టించండి, నీళ్లు సింక్‌లోనే కారిపోతాయి. అద్దె ఇల్లు, గోడకు రంధ్రం కొట్టనివ్వరు అంటే సింక్ అంచుల మీద చుట్టి పరిచే స్టీల్ కడ్డీల చాప దొరుకుతుంది, ఆరాక చుట్టేసి పక్కన పెట్టొచ్చు. ఇవేవీ కుదరకపోతే ఒక్కటే నియమం: సాయంత్రం చాయ్ పెట్టేలోపు బుట్ట ఖాళీ కావాలి. ఆ పని ఇంట్లో మగవాళ్లకో పిల్లలకో అప్పగించండి, ఏ గిన్నె ఎక్కడుంటుందో వాళ్లకూ తెలుస్తుంది.

రైస్ కుక్కర్ రోజూ పొద్దున పెట్టే ఇంట్లో బయట ఉండొచ్చు. అయితే పై అరల కింద పెట్టి ఆన్ చేయకండి. ఆవిరి సూటిగా తగిలి ప్లైవుడ్ ఉబ్బుతుంది, సన్‌మైకా అంచులు లేస్తాయి. కెటిల్‌కీ ఇదే మాట.

మైక్రోవేవ్ గట్టు మీద వద్దు. అన్నం వేడి చేయడానికి రోజుకు రెండు నిమిషాలు తిరిగే పెట్టె, గట్టులో అడుగున్నర తినేస్తుంది. గోడకు బ్రాకెట్ వేసి పెట్టించండి, లేదా డైనింగ్ దగ్గర టేబుల్ మీద పెట్టండి. వెనక, పక్కల గాలి ఆడే సందు ఎంత ఉండాలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ సందులోనే బొద్దింకలు చేరతాయి, వాటికి వెచ్చదనమంటే ఇష్టం. కాబట్టి వెనక చేయి పట్టేంత జాగా వదిలితే తుడవడానికీ వీలవుతుంది. టోస్టర్, ఎయిర్ ఫ్రయ్యర్, శాండ్‌విచ్ మేకర్ వారం పరీక్షలో ఎన్నిసార్లు వచ్చాయో చూసి తేల్చుకోండి. నాకైతే ఈ మూడింటి మీదా పెద్దగా నమ్మకం లేదు.

పచ్చళ్లు పెద్ద జాడీతో సహా చీకటి అరలోకి, చిన్న సీసా భోజనాల బల్ల మీదికి. మందులు వంటింట్లోనే వద్దు. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే నీళ్ల ఫిల్టర్ దగ్గర గుర్తొస్తుందని చాలామంది అక్కడే పెడతారు, కానీ స్టవ్ వేడి, ఆవిరి మాత్రలకు మంచివి కావు.

రాత్రిపూట మాత్రమే గట్టెక్కేవి కొన్ని ఉంటాయి. తోడుపెట్టిన పాలు, పులియబెట్టే పిండి, నానబెట్టిన పెసలు. వీటికి మూలలో చోటు రాసి ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో పిండి గంటల్లోనే పొంగి కారుతుంది, గిన్నె కింద పళ్లెం మరిచిపోవద్దు.

ప్లగ్గులే చాలా వస్తువుల చోటు తేలుస్తాయి

ఏ వస్తువు ఎక్కడ ఉండాలో సగం మన చేతిలో లేదు, బిల్డర్ సాకెట్లు ఎక్కడ పెట్టాడో దాన్ని బట్టి ఉంటుంది. చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. మన కరెంటు 230 వోల్టులు కాబట్టి లెక్క సులువు. 750 వాట్ల మిక్సీ మూడు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది, చిన్న సాకెట్ చాలు. రైస్ కుక్కర్ కూడా దాదాపు అంతే. 1500 వాట్ల కెటిల్ ఆరున్నర, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ తొమ్మిదికి దగ్గర. ఈ రెండూ పెద్ద సాకెట్‌లోనే పెట్టాలి. చాలా వంటిళ్లలో పెద్ద సాకెట్లు ఒకటో రెండో ఉంటాయి, అందులో ఒకటి ఫ్రిజ్‌కో ఓవెన్‌కో పోతుంది. కాబట్టి మిగిలిన పెద్ద సాకెట్ దగ్గర ఏది ఉంటుందో అదొక్కటే గట్టు మీద ఉండే పెద్ద కరెంటు వస్తువు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి గట్టు మీద పెట్టే ఆలోచన వస్తే అక్కడే ఆపండి. సింక్ మీదుగా, స్టవ్ మీదుగా ఏ వైరూ వెళ్లకూడదు. పిల్లలున్న ఇంట్లో కెటిల్ వైరు గట్టు అంచు నుంచి వేలాడకూడదు, లాగితే మరిగే నీళ్లు మీద పడతాయి.

పైపు గ్యాస్ ఉన్న ఫ్లాట్లలో గట్టు దగ్గర గోడకు వాల్వ్ ఉంటుంది. దాని ముందు డబ్బాలు పేర్చకండి. గ్యాస్ వాసన వస్తే మొదట చేయి పడాల్సింది దాని మీద.

తీసినవి ఎక్కడికి పోతాయి

ఇది తేల్చకుండా మొదలుపెడితే తీసినవన్నీ సోఫా పక్కన చేరి పదిహేను రోజుల్లో తిరిగి గట్టెక్కుతాయి. ముందు కింది అరలు ఖాళీ చేయాలి. అక్కడ మూత పోయిన డబ్బాలు, హోటల్ పార్శిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు, పాత ప్రెషర్ ప్యాన్ ఉంటాయి. అవి బయటికి పోతేనే గట్టు సరుకు లోపలికి పోతుంది.

సిలిండర్ ఉండే అర ఖాళీగా కనిపిస్తుంది కదా అని అందులో బాణళ్లు తోయకండి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, లీకైతే కిందనే నిలుస్తుంది, కాబట్టి ఆ అరలో గాలి ఆడాలి. రెగ్యులేటర్‌కి చేయి ఒక్క క్షణంలో అందాలి.

వారానికోసారి వాడేవి నడుము నుంచి భుజం ఎత్తు మధ్యలో పెట్టండి. పండగలకు వాడేవి సజ్జ మీదికి. సకినాల కోసం వాడే పెద్ద బాణలి సంక్రాంతికి దిగితే చాలు. బయట ఉండేవాటిని కూడా విడివిడిగా కాకుండా రెండు పళ్లేల్లో సర్దితే రాత్రి గట్టు తుడవడానికి రెండుసార్లు ఎత్తితే సరిపోతుంది. తుడవడం బద్ధకమయ్యేంత సరుకు ఉందంటే ఇంకో రెండు వస్తువులు లోపలికి పోవాలని అర్థం.

ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోండి

మీరొక్కరే తీర్మానిస్తే నిలబడదు. అత్తమ్మ చేయి అలవాటుగా పోయే చోట ఉప్పు లేకపోతే రోజూ టెన్షనే. వంట ఎక్కువగా ఎవరు చేస్తారో వాళ్ల మాటే చెల్లాలి. ఎడమచేతి వాటం వాళ్లయితే గంటెల గ్లాసు, పోపుల డబ్బా అటువైపుకి మారతాయి. వంటావిడను పెట్టుకున్న ఇళ్లలో ఆమెను అడగకుండా సర్దకండి. ఆమెకు అరల్లో వెతికే తీరిక ఉండదు, అన్నీ తిరిగి బయటికి వస్తాయి.

కాలం మారినప్పుడు కూడా గట్టు మారుతుంది. ఎండాకాలం రంజన్ (నీళ్ల మట్టికుండ) వస్తుంది. దాన్ని గట్టెక్కించకండి, అడుగు నుంచి నీరు చెమ్మగిల్లుతూనే ఉంటుంది, బరువు కూడా. కిటికీ దగ్గర గాలి తగిలేలా కింద స్టాండ్ మీద ఉంటేనే నీళ్లు చల్లబడతాయి. ఆవకాయ పెట్టే రోజుల్లో రెండు రోజులపాటు గట్టంతా ఖాళీ చేసుకోవాల్సిందే. కాయలు తుడవడానికి, ముక్కలు ఆరబెట్టడానికి పొడి చోటు కావాలి, చుక్క నీళ్లు తగిలినా బూజు పడుతుంది. వానాకాలం బియ్యం, పప్పుల డబ్బాలు గోడకు ఆనించి ఉంచకండి, చెమ్మ ఎక్కువ వచ్చే గోడైతే మరీ.

కొత్తది కొనే ముందు

ఆఫర్లో ఏదో వస్తువు కనిపించినప్పుడు దాని కొలతలు పెట్టె మీదో, అమ్మే పేజీలోనో రాసి ఉంటాయి. న్యూస్‌పేపర్‌ను ఆ అడుగు కొలతకు కత్తిరించండి. ఎయిర్ ఫ్రయ్యర్ లాంటిదైతే వెనక వేడిగాలి పోవడానికి నాలుగైదు అంగుళాలు కలుపుకోండి, డ్రాయర్ బయటికి లాగే జాగా ముందు వైపు కలుపుకోండి. ఆ కాగితాన్ని గట్టు మీద మీరు అనుకున్న చోట అంటించి, దాని మీద ఏమీ పెట్టకుండా మూడు రోజులు వంట చేయండి. కాగితం తడిసి చిరిగిపోయిందంటే ఆ చోటు మీకు రోజూ పనికొస్తోందన్నమాట. అప్పుడు ఆ వస్తువును కొనకపోవడమో, దానికి వేరే చోటు చూసుకోవడమో చేయండి.